వీధిపోటు ఇల్లు

"పంతులమ్మగారికి ధైర్యమెక్కువ" అని ఎవరైనా నన్ను మెచ్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మాట నాతో మొదట అన్నవాడు చీపురుపల్లి నగరేశ్వరరావు. రెండు చేతులూ జోడించి మరీ అన్నాడు. ఎందుకు జోడించాడో తెలుసుకోవడానికి నాకు ఒక వానాకాలం మొత్తం పట్టింది.

అరవై ఎనిమిదో సంవత్సరం అది. మాకు పెళ్లయి నాలుగు నెలలు. నేను విజయనగరంలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని. మా ఆయన సూర్యారావు ఆమదాలవలసలో ఇరిగేషన్ ఓవర్సీరు. సంసారం ఎక్కడ పెట్టాలా అన్నది మా సమస్య. విజయనగరంలో పెడదామంటే ఆయన బతుకంతా రైల్లోనే గడిచిపోతుంది. పైగా అక్కడ రెండు గదులకి చెప్పిన అద్దె విని ఆయన, "ఇల్లేనా, కోట అద్దెకిస్తన్నారేటి?" అన్నారు. ఆమదాలవలసలో పెడితే నేను ఉద్యోగం మానుకోవాలి. ఈ రెండోది మా ఇద్దరి ఇళ్లల్లోనూ అందరికీ మహా సులువైన ఉపాయంలా తోచింది. మా అమ్మ లక్ష్మణమ్మకైతే మరీను.

"మగోడు సంపాదిస్తన్నాడు గదే. నువ్వు రైలెక్కి ఊళ్లట్టుకుని తిరక్కపోతే ఏటి? బుద్ధిగా మొగుడి దగ్గర కూకో" అంది.

"బీయెస్సీ, బీయెడ్డూ చదివింది కూచోడానికా?"

"మరెందుకు సదివేవు? మంచి సంబంధం కోసమే గదా? వచ్చీసింది గదా మరి!"

కన్నతల్లి అన్న మాట ఇది. ఇంక మిగతావాళ్ల సంగతి చెప్పాలా!

ఆ మధ్యాహ్నం ఆయన రైల్వే టైంటేబులు తెచ్చి నేలమీద పరిచి, ఒక్కొక్క స్టేషను మీదా వేలు పెట్టుకుంటూ వచ్చారు. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి. అక్కడ వేలు ఆపారు. "పొద్దున్న నీ బండి అటు, నా బండి ఇటు. దీపాల వేళకి ఇద్దరం ఇంటికి. ఎవరూ ఏదీ మానక్కర్లేదు" అన్నారు. నా పెళ్లి నిజంగా జరిగింది పందిట్లో కాదు, ఆ మాట దగ్గరే అనుకుంటాను నేను.

మూడు ఆదివారాలు చీపురుపల్లి వీధులన్నీ తిరిగాం. ఇళ్లు లేక కాదు. "ఇద్దరూ రైలెక్కిపోతే ముంగిట్లో కళ్లాపు ఎవలు సల్లుతారు?" అని ఒకావిడ. "ఆడమనిసి రోజూ టేసనుకెల్తే నలుగురూ ఏటనుకుంటారు?" అని ఒకాయన. ఇంకో పెద్దమనిషి మా కులం, గోత్రం కనుక్కుని, అవి సరిపోయాక, "మరి మీ ఆయనకి వంటెవలు సేస్తారు?" అన్నాడు. మా ఆయన కూటి గురించి ఆయనకెందుకంత బెంగ? మా ఆయన నా చెయ్యి గిల్లకపోతే అక్కడే నాలుగు మాటలతో కడిగేసి ఉండేదాన్ని.

మూడో ఆదివారం సాయంత్రం నగరేశ్వరరావు తనంతట తనే స్టేషను దగ్గర మమ్మల్ని పట్టుకున్నాడు. బజార్లో బెల్లం, గోగునార టోకు వ్యాపారం ఆయనది. బుగ్గన చుట్ట, మెళ్లో తువ్వాలు, మాటలో వెన్న.

"ఇల్లు కావాలంట గదమ్మా! నాకున్నాది ఒకటి. కొత్తది. మా అబ్బాయి కోసం కట్టేను. ఆడింకా వాల్తేరులో సదువుకుంటన్నాడు, ఆడి పెళ్లెప్పుడో, కాపరమెప్పుడో. ఖాళీగా ఉన్నాది. మీలాంటి సదువుకున్నోలుంటే ఇంటికే ఎలుగు."

అద్దె పదిహేను రూపాయలన్నాడు. ఊళ్లో అలాంటివి ముప్పై అయిదుకి తక్కువ లేవు. నేను రోజూ రైలెక్కుతానని చెప్పాను. "ఎక్కమ్మా! దానికేటి!" అన్నాడు. నాకు ఆయన దేవుడిలా కనబడ్డాడు. నా కళ్లని ఏమనాలో ఇప్పుడు మీరే చెప్పండి.

ఇల్లు బాగుంది. బెంగుళూరు పెంకు, మూడు గదులు, పెరట్లో బావి. సున్నం వాసన ఇంకా పోలేదు. గడపకి పసుపు కూడా రాయలేదు. స్టేషను నుంచి వచ్చే వీధి ఎటూ తిరక్కుండా సూటిగా వచ్చి మా గుమ్మం ముందే ఆగేది. అక్కణ్ణించి కుడికీ ఎడమకీ చీలిపోయేది.

జూన్‌లో బడులు తెరవడానికి ముందు శుక్రవారం దిగాం. నగరేశ్వరరావు కొత్త కుండ, రెండు శేర్ల పాలు, పసుపు, కుంకుమ పంపించాడు. భార్యతో కలిసి తనూ వచ్చాడు. "నీ సేత్తోనే పొంగించమ్మా. సదువులతల్లివి. మీకు దైర్యమెక్కువ" అంటూ దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణమే నేను చెప్పింది. దంపతులిద్దరూ వీధరుగు మీదే నిలబడ్డారు. గడప లోపలికి ఒక్క అడుగు వెయ్యలేదు. రండి రండని నేను మొత్తుకుంటుంటే, "మీ ఇల్లమ్మా, మీరు పొంగించుకోవాల" అంది ఆవిడ. ఎంత మర్యాదస్తులో అనుకున్నాను. పాలు పొంగగానే ఆవిడ కళ్లు మూసుకుని ఏదో మొక్కుకుంది. మా కోసమే అనుకున్నాను.

సాయంత్రం పక్క గుడిసె దేముడమ్మ వచ్చింది. రెండు గేదెలున్నాయి ఆవిడకి, మాకు పాలు పోస్తానని వచ్చింది.

"ఓలమ్మ! ఈదిపోటు ఇంట్లో దిగీసినారేటమ్మా? ఆ ఈది సూడు, తిన్నగా వచ్చి గుమ్మాన్ని పొడిసేస్తన్నాది. ఈ ఇల్లు కట్టి ఏడాది. కట్టినోడే కాలెట్టనేదు."

"పొడిచేది గాలి దేముడమ్మా. చూడు ఎంత చల్లగా ఉందో. విసనకర్ర అక్కర్లేదు మాకు."

"నవ్వకమ్మా తల్లీ" అని ఆవిడ వెళ్లిపోయింది. మేం మాత్రం నవ్వాం. అద్దె తక్కువెందుకో తెలిసిపోయింది. ఊరి భయం మనకి కలిసొచ్చిందని ఆయనా, చదువుకున్నందుకు ఇన్నాళ్లకి ఒక లాభం కనబడిందని నేనూ మురిసిపోయాం. ఎంత గర్వమో నాకు! వీధిపోటు గురించి బడి తెరవగానే తొమ్మిదో తరగతిలో ఓ పాఠం కూడా చెప్పేశాను.

ఆ రెండు నెలల సుఖం మళ్లీ నేనెప్పుడూ ఎరగను. పొద్దున్నే ఇద్దరం క్యారేజీలు పట్టుకుని స్టేషనుకి నడిచేవాళ్లం. ఆయన బండి ముందు వెళ్లేది, నాది తర్వాత. సాయంత్రం ఎవరి బండి ముందొస్తే వాళ్లు పొయ్యి వెలిగించాలని ఒప్పందం. ఓవర్సీరుగారు పొయ్యి ఊదుతున్నారని దేముడమ్మ వీధంతా చెప్పుకుని నవ్వేది. నేను స్టేషను గేటు దాటగానే, వీధి చివర మా గుమ్మంలో దీపం సూటిగా కనబడేది. ఊరంతా భయపడే ఆ వీధి మీద నాకు ప్రాణం.

జూలైలో నాకు నెల తప్పింది. ఆయనకి కాలు నిలవలేదు. చూరు పెంకు సర్దడానికి వచ్చిన వడ్రంగి చేత నడింట్లో దూలానికి ఉయ్యాల కొక్కెం వేయించేశారు. దేముడమ్మ చూసి నెత్తి కొట్టుకుంది.

"కడుపులో ఉండగానే కొక్కెమేటి బాబూ! పుట్టినాక పదకొండో నాడు గదా!"

"అప్పటికి వడ్రంగి దొరుకుతాడో లేదో" అన్నారు ఆయన. కొలతలూ కట్టుబళ్లూ తప్ప ఆయనకి ఇంకేం తెలుసు! దాన్ని పట్టుకుని తనే వేలాడి చూశారు. దూలం కిర్రుమనలేదు.

ఆగస్టు ఆఖర్లో ఒక ఆదివారం, మధ్యాహ్నం వానలో, కడుపు పోయింది. మూడో నెల పడి పదిహేను రోజులు. ఆయన జట్కా కోసం పరిగెత్తారు. దేముడమ్మ నా తల ఒళ్లో పెట్టుకుని కూచుంది. మర్నాడు విజయనగరంలో లేడీ డాక్టరు, "నీ తప్పు కాదమ్మా, రైలు తప్పూ కాదు. మొదటి కాన్పుల్లో ఇలా కొన్ని నిలబడవు" అని చెప్పింది. అది నాకూ తెలుసు. పుస్తకంలో చదివాను.

అయినా చెబుతున్నాను, దాచుకోవడమెందుకు. పదిహేను రోజులు నడింట్లో మంచం మీద పడుకుని, తెరిచిన తలుపులోంచి ఆ వీధికేసే చూశాను. సూటిగా వచ్చి నా పొట్టకే తగులుతున్నట్టుండేది. ఆ పాలు నా చేత్తో పొంగించకపోతే నా బిడ్డ బతికేదేమో అనుకున్నాను. సైన్సు టీచర్ని, ఆ మాట అనుకున్నాను! సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరికీ చెప్పొద్దని ఆయనకీ, దేముడమ్మకీ ఒట్టు వేయించాను. మా అమ్మకి తెలిస్తే ఆ రోజే ఉద్యోగం మాన్పిస్తుంది. ఊరికి తెలిస్తే వీధిపోటు కొట్టిందంటుంది. బళ్లో జ్వరమని చెప్పాను. కొక్కేనికి ఒక ఉట్టి వేలాడదీసి, అందులో ఊరగాయ జాడీ పెట్టాను. నడింట్లో ఉట్టి ఏమిటని ఎవరైనా అడిగితే పిల్లులని చెప్పేదాన్ని.

కార్తీకమాసం వచ్చింది. ఒక సాయంత్రం నగరేశ్వరరావు అరటిపళ్ల హస్తంతో, బెల్లం దిమ్మతో వచ్చాడు. చెప్పులు విప్పి, తిన్నగా గడప దాటి లోపలికొచ్చి, నడింట్లో మంచం మీద కూచున్నాడు. అయిదు నెలల్లో ఆయన లోపలికి రావడం అదే మొదలు.

"ఇల్లు మీకు బాగా అచ్చొచ్చినాదమ్మా" అన్నాడు, నాలుగు గోడలూ కళ్లారా చూసుకుంటూ. "మా సిద్ధాంతిగారు అప్పుడే సెప్పీసినారు. ముందు ఎవరిసేతనైనా పాలు పొంగించు, ఓ వానాకాలం కాపరం సెయ్యనీ, ఆలకేటీ అవకపోతే పోటు ఇరిగిపోయినట్టే, అప్పుడు నీ కొడుకునీ కోడలినీ దింపుకో అన్నారు. మీకు జొరం గిరం తప్ప ఏటీ అవనేదు. ఉజ్జోగాలు నిలబడ్డాయి. ఈ నెలాఖరుకి కాళీ సేసీండమ్మా. కోడల్ని తెచ్చుకుంటాను."

"మీ అబ్బాయి చదువుకుంటున్నాడన్నారు?" అన్నారు మా ఆయన.

"వైశాకంలోనే పెళ్లయిపోనాది బాబూ. కోడల్ని పుట్టింట్లోనే ఉంచేను. తెలిసి తెలిసి దింపీలేం గదా!"

ఇంక నేను ఆగలేదు.

"మీ కోడల్ని దింపలేరు, నన్ను దింపగలరా? నేనెవరి కోడల్నీ కానా? మాకేదైనా అయుంటే ఏం చేసేవారు?"

"అవనేదు గదమ్మా!"

"అయుంటే?"

ఆయన నిజంగా తెల్లబోయాడు. అదే నాకు ఎక్కువ మంట. తప్పు చేసి దొరికినవాడి మొహం కాదది. "మీరు నమ్మరు గదమ్మా ఇలాటివి. నమ్మనోలకి అంతగా తగల్దంట. అద్దె కూడా తక్కువే తీసుకున్నాను" అన్నాడు. అన్యాయం చేశానని ఆయనకి కలలో కూడా తోచలేదు.

"మా బళ్లో కప్పని బల్లమీద పెట్టి కోసేముందు దానికి మత్తైనా ఇస్తామండీ. మీరు అదీ ఇవ్వలేదు. లేవండి. ఆ బెల్లం కూడా తీసుకెళ్లండి!"

ఆయన లేచాడు. గుమ్మంలో నిలబడి, "ఏటన్నా, మీకు దైర్యమెక్కువమ్మా" అని దణ్ణం పెట్టి మరీ వెళ్లాడు. బెల్లం దిమ్మ తీసి వీధిలోకి విసిరాను. దేముడమ్మ గేదె నాకింది.

ఆ వారమంతా మా ఆయన మళ్లీ ఇళ్ల వేటలో తిరిగారు. అవే ప్రశ్నలు, అవే అద్దెలు. శనివారం సాయంత్రం వచ్చి, పొయ్యి దగ్గర నా పక్కన చతికిలబడ్డారు.

"చెప్పీద్దాం పద్మా."

"ఏమిటి?"

"ఆగస్టులో అయింది. ఒక్క మాట చాలు. మళ్లీ ఈ గడప తొక్కడు. ఈ ఇల్లు ఊళ్లో ఎవడికీ అక్కర్లేకుండా మనకే ఉండిపోతాది. నీ ఉద్యోగం ఉంటాది. అబద్ధమేం కాదు గదా?"

"అయిందన్నది నిజమే. ఇంటి వల్ల అయిందన్నది అబద్ధం. ఆయన వినేది ఆ రెండోదే."

"విననీ! మనని అడిగి చేసేడేటి ఇదంతా? లేకపోతే ఏటవుతాదో తెలుసు గదా? నేనక్కడ ఓ గది, నువ్వు విజయనగరంలో మీ అమ్మింట్లో, ఆదివారం ఆదివారం మొగుడూ పెళ్లాలం. మీ అమ్మ నిన్నెన్నాళ్లు పంపిస్తాది బడికి?"

నాకూ కోపం తక్కువ లేదు. రాత్రీ పగలూ ఆ నగరేశ్వరరావు మొహం తెల్లబోవడమే కళ్లకి కడుతోంది. మరోసారి తెల్లబోతే చూడాలనుంది. నా బిడ్డని అద్దె బేరానికి వాడుకోవడమా అని ఒక పక్క పీకుతున్నా, "సరే, చెప్తాను. అందరి ముందూ చెప్తాను" అన్నాను.

మర్నాడు ఆదివారం పొద్దున్నే వాళ్లొచ్చారు. గడపకి పసుపు రాయడానికీ, మంచాల కొలతలు చూసుకోవడానికీ. నగరేశ్వరరావు, భార్య, వాళ్ల వెనక కోడలు కన్యాకుమారి. పదిహేడేళ్లుంటాయేమో. ఆకుపచ్చ పట్టుచీర, చేతుల నిండా గాజులు. గడప దగ్గర ఆగిపోయింది. అత్తగారు, "కుడికాలెట్టు, బేగి" అని నడుం మీద చెయ్యి వేసి లోపలికి తోసింది. తోసి, నాకేసి తిరిగి, "మూడో నెలమ్మా" అంది గొప్పగా.

నాలిక చివరున్న మాట అక్కడే ఆగింది. పెద్దవాళ్లు బావి చూస్తామని మా ఆయన్ని తీసుకుని పెరట్లోకి వెళ్లారు. ఆ పిల్ల నా దగ్గరగా వచ్చి చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"అక్కా, ఒట్టేసి సెప్పు. ఈ ఇంట్లో మీకు ఏటీ అవనేదా? నాను రానని ఏడిసినాను. సైన్సు పంతులమ్మే ఉన్నాది, నీకేటని మీ పేరు సెప్పి తెచ్చినారు. ఇప్పుడు గడప దాటగానే కళ్లు తిరిగినాయి. నాకు తగిలీసిందేటి?"

ఏం చెప్పను? వాళ్ల మామగారికి చెబితే సాయంత్రానికల్లా ఊరికి తెలుస్తుంది, ఈ పిల్లకి అందరికంటే ముందు తెలుస్తుంది. కాలు ఎలాగూ లోపల పెట్టేసింది. అన్నీ చదువుకున్నదాన్ని, నేనే పదిహేను రోజులు ఆ వీధికేసి చూస్తూ పడుకున్నాను. ఈ పిల్ల ఇంకా ఆరు నెలలు మోయాలి. ఆ దౌర్భాగ్యుడు మళ్లీ నా నెత్తికే తెచ్చాడు! ఇదివరకు పాలు, ఇప్పుడిది.

"మూడో నెల్లో ఎవరికైనా తిరుగుతాయి కళ్లు" అన్నాను. "పొద్దున్నే ఖాళీ కడుపుతో తీసుకొచ్చుంటారు. ఈ ఇంట్లో మాకు ఏమీ అవలేదు. ఒట్టు."

ఆ ఒట్టు ఖరీదు మాకు మూడేళ్ల కాపురం. మా ఆయన చెప్పినట్టే ఆదివారం మొగుడూ పెళ్లాలం అయ్యాం. ఉద్యోగం మాత్రం నేను వదల్లేదు, మా అమ్మతో రోజూ దెబ్బలాడి నిలబెట్టుకున్నాను. కానీ ఆ పూట అదంతా ఎవరికి తెలుసు? ఆ పిల్ల మొహంలోకి రంగు రావడం మాత్రం చూశాను.

పెద్దవాళ్లు తిరిగొచ్చారు. "ఏటంటన్నాది పంతులమ్మ?" అన్నాడు నగరేశ్వరరావు. "ఏటీ అవనేదంట మావా" అంది పిల్ల. "నాను సెప్పనేదా మరి!" అని ఆయన ఇల్లంతా వినబడేలా నవ్వాడు. ఆ నవ్వు మీద మరుగుతున్న నూనె పొయ్యాలనిపించింది. పళ్లు బిగబట్టుకున్నాను. మా ఆయన నాకేసి చూశారు. చెప్పలేదని అర్థమైంది ఆయనకి.

"నడింట్లో ఉట్టేటమ్మా, అశుభం. తీసీ" అంది అత్తగారు.

మా ఆయన స్టూలు ఎక్కి, ఊరగాయ జాడీ నా చేతికిచ్చి, ఉట్టి విప్పారు. దూలానికి కొక్కెం ఒక్కటే మిగిలింది. కన్యాకుమారి తలెత్తి దానికేసి చూసింది. తర్వాత నాకేసి చూసింది.

"ఆ కొక్కెం దేనికక్కా?"

మా ఆయన స్టూలు దిగకుండానే, కొక్కేన్ని రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు పైకి ముడుచుకుని, ఒక్కసారి బరువంతా వేసి వేలాడి చూపించారు.

"నీ ఉయ్యాలకమ్మా" అన్నారు. "నేనే వేయించేను. గట్టిదే."